"ఏమీ లేవండీ!"

మా ఏరియా ఆసుపత్రి ఓ.పి. గదిలో నేను రోజూ అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటుంది: "ఇప్పటికే ఏమన్నా మందులు వాడుతున్నారా?" మగవాళ్ళలో చాలామంది చెప్పే జవాబు ఒకటే. "ఏమీ లేవండీ!" ఆ మాట పూర్తి కాకముందే పక్కనున్న ఇల్లాలు సంచీలోంచి ఒక మాత్రల అట్ట తీసి నా బల్ల మీద పెడుతుంది. "రెండేళ్ళ నుంచీ ఇవి మింగుతున్నారండీ. పదిహేను రోజులై మానేశారు" అంటుంది. ఆయన నేలచూపులు చూస్తాడు. నేను కళ్ళజోడు సవరించుకుని పది నిమిషాలు పాఠం చెప్తాను.

దాదాపు ముప్పై ఏళ్ళుగా చెప్తున్న పాఠం గనుక అది నాకు కంఠతా వచ్చు. కాని అది నా తలకెక్కింది మాత్రం 2023 మార్చి నెలలో, గంగానది నడిమధ్య, ముక్కులోకీ నోట్లోకీ నీళ్ళు పోయినప్పుడు. ఆ సంగతి చెప్తే మీలో కొందరైనా నాలా నీళ్ళు మింగకుండానే బాగుపడతారని ఈ వారం రాస్తున్నాను.

కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో కలిసి చదువుకున్న నలుగురం మేము. ఒకడు మత్తు డాక్టరు, ఢిల్లీలో స్థిరపడ్డాడు. ఒకడు కంటి డాక్టరు. ఒకడు సర్జను. నేను మీకు తెలిసినవాణ్ణే, సర్కారు నౌకరుని. మత్తు డాక్టరు కూతురి పెళ్ళికి అందరం ఢిల్లీ చేరాం. పెళ్ళయ్యాక శని, ఆదివారాలు మిగిలాయి. "ఋషీకేశ్ పోదాం రండిరా. కారులో ఆరు గంటలు. గంగలో రబ్బరు తెప్ప ఎక్కుదాం" అన్నాడు పెళ్ళికూతురి తండ్రి. సర్జను ఎగిరి గంతేశాడు. కంటి డాక్టరు "నాకు ఈత రాదు" అన్నాడు. నేను నవ్వాను. గోదావరి లంక గ్రామంలో పుట్టినవాణ్ణి, పదేళ్ళప్పుడే పాయ ఈదినవాణ్ణి. అయితే చివరిసారి ఈది ముప్పై ఏళ్ళు దాటిందన్న లెక్క మాత్రం అప్పుడు వేసుకోలేదు.

శనివారం తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరాం. మీరట్ దాకా కొత్త ఎక్స్‌ప్రెస్ రోడ్డు. ఆ తర్వాత ముజఫర్‌నగర్ దారంతా చెరుకు ట్రాక్టర్లు, బట్టీల దగ్గర ఉడుకుతున్న బెల్లం వాసన. ఆ వాసనకి మా నలుగురికీ కాకినాడ, అనకాపల్లి, పాత హాస్టలు, అప్పటి పాటలు అన్నీ గుర్తొచ్చాయి. కారులో ఒకటే గోల.

మీరట్ దాటాక నా చెయ్యి అలవాటుగా చొక్కా జేబులోకి వెళ్ళింది. మాత్రల డబ్బా లేదు. నా భార్య సర్ది ఇచ్చిన ఆ డబ్బా ఢిల్లీలో, పెళ్ళివారింట్లో, పెట్టె అడుగున వుండిపోయింది. నాకు ఆరేళ్ళుగా రక్తపోటు వుంది. రోజూ పొద్దున్నే మెటోప్రోలాల్ మాత్ర వేసుకుంటాను. "రెండు రోజులకు ఏమవుతుందిలే" అనుకున్నాను.

పాఠకులారా! ఆ దారిలో ఎన్ని మందుల షాపులున్నాయో చెప్పలేను. ముజఫర్‌నగర్‌లో వున్నాయి, రూర్కీలో వున్నాయి, హరిద్వార్‌లో అడుగడుక్కీ వున్నాయి. "ఒరే, కారాపు, నా బి.పి. మాత్ర మర్చిపోయాను" అంటే అయిదు నిమిషాల పని. కాని ఆ మాట అనాలంటే, ముప్పై ఏళ్ళ తర్వాత కలిసిన స్నేహితుల ముందు నేనూ రోగినేనని ఒప్పుకోవాలి. నోరు రాలేదు. నా రోగులు మందులు ఎందుకు మానేస్తారో నాకు అప్పుడు కాస్త అర్థమైంది. డబ్బు లేక కొందరు, తెలియక కొందరు, సిగ్గుపడి ఇంకెందరో!

ఖతౌలీ దాటాక ఒక దాబా దగ్గర ఆగాం. ఇక్కడొక మాట. కారు ప్రయాణం నాలుగు గంటలు దాటితే కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. రెండు గంటలకొకసారి ఆపి, అయిదు నిమిషాలు నడవండి. కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించుతూ వుండండి. బాత్రూము బాధ అని నీళ్ళు తాగడం మానకండి. ఒక్కరే చివరిదాకా నడపకండి. ఇవన్నీ ఆ రోజు మా వాళ్ళకు చక్కగా చెప్పాను, చేయించాను కూడా.

ఆలూ పరోటా, వెన్న, గ్లాసుల్లో టీ. సర్జను చేతులు కడుక్కోవడానికని పక్కకు వెళ్ళాడు. చాలాసేపు రాకపోతే నేనూ వెళ్ళాను. వాడు గోడవైపు తిరిగి రెండు మాత్రలు నోట్లో వేసుకుంటున్నాడు. చేతిలో అట్ట చూశాను. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. ఆ రెండూ కలిపి ఎవరికి ఇస్తారో డాక్టరుకు వేరే చెప్పక్కర్లేదు.

"ఎప్పుడురా?"

"అయిదు నెలలైంది. ఒక స్టెంటు వేశారు. ఎవరితోనూ అనకు."

"రేపు తెప్ప ఎక్కుతావా?"

"ఎక్కుతాను. నాకేం బాగానే వుంది."

అప్పుడు నాలోని ఓ.పి. డాక్టరు లేచాడు. చూడండి, గుండెపోటు వచ్చి స్టెంటు పడ్డవారికి ఆ రెండు మందులూ కొన్ని నెలలపాటు, సాధారణంగా ఏడాది దాకా, ఇస్తారు. స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా అవి కాపాడతాయి. కాని ఆ మందుల మీద వున్నవాడి తల రాయికి కొట్టుకుంటే లోపల రక్తస్రావం సులువుగా ఆగదు. పైగా చన్నీళ్ళలో హఠాత్తుగా పడితే గుండె మీద ఒక్కసారిగా భారం పడుతుంది. గుండెపోటు వచ్చినవాళ్ళు ఇక జన్మలో ఏ సాహసమూ చేయకూడదని కాదు. వారికి వైద్యం చేసే డాక్టరు వ్యాయామ పరీక్ష చేసి, సరే అన్నాక చేయాలి. వీడు అడగనే లేదు.

ఇవన్నీ దాబా వెనక నిలబడి వాడికి గట్టిగా చెప్పాను. "నువ్వు తెప్ప ఎక్కితే మిగతా ఇద్దరికీ చెప్పేస్తాను" అని బెదిరించాను. వాడి ముఖం ఎర్రబడింది. "నువ్వు ఆసుపత్రిలో డాక్టరువి, ఇక్కడ కాదు" అన్నాడు. చివరికి నడుం పట్టేసిందని అబద్ధం చెప్పి మానుకున్నాడు. హరిద్వార్ దాకా నాతో మాట్లాడలేదు. నేను మాత్రం ఒక ప్రాణం కాపాడానన్న తృప్తితో కిటికీలోంచి చెరుకుతోటలు చూస్తూ కూర్చున్నాను. జేబులో డబ్బా లేదన్నది అప్పుడు గుర్తుకైనా రాలేదు.

ఆదివారం పొద్దున్న జీపు మీద రబ్బరు తెప్ప కట్టి, ఋషీకేశ్‌కు పదహారు కిలోమీటర్ల ఎగువనున్న శివపురికి తీసుకెళ్ళారు. సర్జను మమ్మల్ని సాగనంపడానికి వచ్చాడు. మా గైడు పాతికేళ్ళ గఢ్వాలీ కుర్రాడు. చేతిలో కాగితం పెట్టుకుని హిందీలో ఒక్కొక్కరినీ అడిగాడు. "గుండె జబ్బుందా? బి.పి. వుందా? ఫిట్లు వస్తాయా? ఈమధ్య ఆపరేషన్ అయిందా? ఏమన్నా మందులు వాడుతున్నారా?"

కంటి డాక్టరు నిజం చెప్పాడు. "బాబూ, నాకు ఈత రాదు. కళ్ళజోడు లేకపోతే ఏమీ కనబడదు. భయం కూడా వుంది." కుర్రాడు నవ్వలేదు. కళ్ళజోడుకి తాడు కట్టి, ఆయన్ను తనకు చెయ్యందే దూరంలో కూర్చోబెట్టాడు. తర్వాత నా వంతు.

"ఏమీ లేవు" అన్నాను. సంతకం పెట్టేశాను. ముందువరసలో కూర్చుంటానని కూడా అన్నాను.

కుర్రాడు చెప్పిన పాఠం మీకూ చెప్తాను. ఎప్పుడన్నా పనికొస్తుంది. లైఫ్ జాకెట్ బిగుతుగా వుండాలి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే అది చెవులదాకా లేవకూడదు. హెల్మెట్ పట్టీ పెట్టుకోవాలి. నీళ్ళలో పడితే ఈదబోవద్దు. వెల్లకిలా తిరిగి, కాళ్ళు ప్రవాహం వెళ్ళేవైపు చాపి, కాలివేళ్ళు నీటిపైకి వుంచాలి. రాయి ఎదురైతే కాలు తగలాలి గాని తల తగలకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, వురవడిలో నిలబడబోవద్దు. పాదం రాళ్ళ సందులో ఇరుక్కుంటే నీటి తోపుకి మనిషి ముందుకు ఒరిగిపోతాడు. మోకాలి లోతు నీళ్ళలో కూడా అలా ప్రాణాలు పోతాయి. తాడు విసిరితే రెండు చేతులతో పట్టుకోవాలి గాని చేతికి చుట్టుకోకూడదు.

తెప్ప కదిలింది. నీళ్ళు పచ్చగా, అద్దంలా వున్నాయి. దేవప్రయాగ దగ్గర అలకనంద, భాగీరథి కలిసి గంగ అవుతాయి. రెండూ మంచుకొండల్లో పుట్టినవే గనుక మార్చి ఎండలో కూడా నీరు చురుక్కుమనేంత చల్లన. మొదటి వురవడి దాటాం. తర్వాత రోలర్ కోస్టర్ అనే పెద్దది వచ్చింది. తెప్ప అల మీదికెక్కి దభీమని దిగింది. ముగ్గురం చిన్నపిల్లల్లా కేకలు పెట్టాం. ఏళ్ళ తరబడి గుండెలో పేరుకున్న ఆసుపత్రి కంపంతా కడిగేసినట్టయింది. ఈ ఆటలో ఆనందం లేదని నేను అనను. వుంది, చాలా వుంది.

దాని తర్వాత వచ్చే వురవడిని గోల్ఫ్ కోర్స్ అంటారు. గైడు "గట్టిగా వెయ్యండి!" అని అరుస్తున్నాడు. నేను హుషారుగా ముందుకు వంగి తెడ్డు వేశాను. తెప్పలో ఇరికించిన పాదం జారింది. పక్కనుంచి ఒక అల కొట్టింది. అంతే.

ఇంతవరకూ నేను పుస్తకంలో చదివినది ఇప్పుడు నా శరీరంలో జరిగింది. మనిషి హఠాత్తుగా చన్నీళ్ళలో పడితే తన ప్రమేయం లేకుండానే "హా" అని పెద్ద ఊపిరి పీల్చుకుంటాడు. ఆ క్షణంలో నోరు నీళ్ళలో వుంటే ఊపిరితిత్తుల్లోకి పోయేది నీళ్ళే. ఆ తర్వాత ఊపిరి కుక్కపిల్ల రొప్పినట్టు వేగంగా ఆడుతుంది, ఆపుదామన్నా ఆగదు. చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుపోతాయి. గుండె వేగం, రక్తపోటు ఒక్కసారిగా ఎగదన్నుతాయి. ఆరోగ్యంగా వున్నవాడికి ఇది ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. ఎంత మంచి ఈతగాడైనా ఆ కాసేపు ఈదలేడు. నదుల్లో గజఈతగాళ్ళు మునిగిపోవడానికి ఇది ఒక కారణం.

గోదావరి ఈదిన మొనగాణ్ణి, ఒక్క బార వెయ్యలేకపోయాను. నన్ను తేల్చింది నా ఈత కాదు, ఆ జాకెట్టు. వెల్లకిలా తిరగాలన్న మాట ఎలాగో గుర్తొచ్చింది. గైడు విసిరిన తాడు రెండోసారి చేతికందింది. కుర్రాడు నా జాకెట్టు భుజాలు పట్టి, బస్తా లాగినట్టు తెప్పలోకి లాగాడు. మొత్తం మీద నీళ్ళలో వున్నది రెండు మూడు నిమిషాలై వుంటుంది.

"అంకుల్, బాగానే వుందా?" అన్నాడు.

"బాగానే వుంది" అన్నాను. అది రెండో అబద్ధం. తల వెనక సమ్మెట పోట్లు. గుండె గొంతులో కొట్టుకుంటోంది. మెడ దగ్గర వేళ్ళు పెట్టి లెక్కపెట్టాను. నిమిషానికి నూట నలభై. కూర్చుని పది నిమిషాలైనా తగ్గలేదు. మెటోప్రోలాల్ జాతి మందులు గుండె వేగానికి కళ్ళెం లాంటివి. వాటిని హఠాత్తుగా మానేస్తే, అంతవరకూ పట్టి వుంచిన గుర్రం మామూలుకన్నా ఎక్కువ వేగంతో పరుగెత్తుతుంది. రక్తపోటు పెరుగుతుంది. గుండె రక్తనాళాల జబ్బు వున్నవారికైతే ఛాతీనొప్పి, గుండెపోటు కూడా రావచ్చు. ఇది నేను నా రోగులకు చెప్పే పాఠంలో మూడో పాయింటు. తెప్ప అడుగున, నీళ్ళలో కూర్చుని, నా పాఠం నేనే వల్లెవేసుకున్నాను. మా పిల్లలు గుర్తొచ్చారు. మిగిలిన దారంతా అలలు ఎలా వున్నాయో నాకు తెలియదు.

దిగేచోట సర్జను నిలబడి వున్నాడు. చేతిలో తువ్వాలు, టీ గ్లాసు. నా ముఖం చూసి గ్లాసు కింద పెట్టి నా మణికట్టు పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు.

"ఏం వాడుతున్నావురా?"

చెప్పాను.

"ఇవాళ వేసుకున్నావా?"

నేను మాట్లాడలేదు.

"నిన్న?"

నేను మాట్లాడలేదు. వాడు నాకు పాఠం చెప్పలేదు. నిన్న దాబా వెనక నేను అన్న మాటల్లో ఒక్కటి కూడా తిప్పి నామీద విసరలేదు. తువ్వాలు నా భుజాల మీద కప్పి "నడు" అన్నాడు. వాడు తిట్టినా అంత బాధ కలిగేది కాదు.

దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాడు. క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరు మా అమ్మాయి వయసుది. బి.పి. చూసింది. 190, 110. ఇ.సి.జి. తీయించింది. అదృష్టం, బాగానే వుంది. ఊపిరితిత్తులు విని, చీటీ ముందుకు లాక్కుని తలెత్తకుండానే అడిగింది: "ఏమన్నా మందులు వాడుతున్నారా?"

మూడోసారి నిజం చెప్పాను. ఆ పిల్ల మాత్ర ఇచ్చి, సాయంత్రందాకా అక్కడే పడుకోబెట్టింది. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయినవారికి కొన్ని గంటల తర్వాత కూడా దగ్గు, ఆయాసం రావచ్చు గనుక అది సరైన పని. చీటీ మీద "మందు మానినందువల్ల పెరిగిన రక్తపోటు" అని ఇంగ్లీషులో రాసింది. వృత్తి దగ్గర "డాక్టర్" అని కూడా రాసింది!

ఇక మీకు చెప్పదలచుకున్న నాలుగు మాటలు.

ప్రయాణానికి మందులు రెండుచోట్ల పెట్టుకోండి, జేబులో కొన్ని, సంచీలో కొన్ని. మందుల పేర్లు, మోతాదు ఒక కాగితం మీద రాసి దగ్గర వుంచుకోండి. మర్చిపోతే దార్లో కొనండి. ఒకపూట తప్పితే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి మాత్ర వేళ దగ్గరపడితే దాన్ని వదిలేయండి. అంతేగాని రెండూ కలిపి వేసుకోకండి. చక్కెర వ్యాధి మందులు వాడేవారు బిళ్ళలో, పంచదారో జేబులో వుంచుకోండి. ఖాళీ కడుపుతో శ్రమ చేయకండి.

గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, మూర్ఛ, ఈమధ్య ఆపరేషన్, తరచు జారే భుజం, వెన్నుపూస బాధ వున్నవారు, గర్భిణీ స్త్రీలు వురవడి నీళ్ళలో తెప్ప ఎక్కకూడదు. మీ డాక్టరు చూసి సరేనంటే అది వేరే సంగతి. తాగి ఎక్కడం ఎవరికీ తగదు. వర్షాకాలంలో, జూలై, ఆగస్టుల్లో, ఋషీకేశ్‌లో ఈ తెప్పలు ఆపేస్తారు. ఆ రోజుల్లో ఎవరైనా తీసుకెళ్తామంటే వెళ్ళకండి.

లైఫ్ జాకెట్ సంగతి మన గోదావరివాళ్ళకు మరీ ముఖ్యం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి ఎందరి ప్రాణాలు పోయాయో మీకు తెలుసు. ఈత వచ్చినా, నీరు నిలకడగా కనిపించినా, ఉక్కపోసినా పడవ దిగేదాకా జాకెట్ విప్పకండి. అడగడానికి మొహమాటపడకండి.

ఎవరినైనా నీళ్ళలోంచి తీస్తే తలకిందులుగా పట్టుకోవడం, గిరగిర తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం చేయకండి. అందువల్ల విలువైన నిమిషాలు పోతాయి, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి వుందేమో చూడండి. లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, నోటితో ఊపిరి ఊదండి. మునిగినవాడికి మొదట కావలసింది గాలి. తర్వాత ఛాతీ మధ్యలో అయిదారు సెంటీమీటర్ల లోతు దిగేలా, నిమిషానికి నూరు, నూట ఇరవై చొప్పున నొక్కండి. ముప్పైసార్లు నొక్కడం, రెండుసార్లు ఊదడం, ఇలా సాయం వచ్చేదాకా ఆపకండి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఊపిరి వుంటే పక్కకు తిప్పి, తడిబట్టలు తీసి, వెచ్చగా కప్పండి.

అన్నిటికన్నా సులువైన జాగ్రత్త చివరిది. అడిగినప్పుడు నిజం చెప్పండి. భయమని చెప్పిన మా కంటి డాక్టరుకి క్షేమమైన చోటు దొరికింది. ఏమీ లేవన్న నాకు ముందువరస దొరికింది.

మా సర్జను ఏడాది నిండాక వ్యాయామ పరీక్ష చేయించుకున్నాడు. వాడి గుండె డాక్టరు సంతృప్తిపడ్డాడట. "ఈసారి నేను ఎక్కుతాను. ఒడ్డున టీ గ్లాసు పట్టుకుని నిలబడేది నువ్వే" అని ఫోన్ చేశాడు. సరేనన్నాను.

ఆ ఋషీకేశ్ చీటీ నా ఓ.పి. బల్ల అద్దం కింద వుంది. ఇప్పుడూ రోజూ ఎవరో ఒకరు "ఏమీ లేవండీ" అంటూనే వున్నారు. పక్కనున్న ఇల్లాలు అట్ట తీసి బల్ల మీద పెడుతూనే వుంది. నేను పాఠం మొదలుపెట్టడం మాత్రం మానేశాను. "ఎందుకు మానేశారు?" అని అడిగి, వాళ్ళు చెప్పేదాకా ఆగుతున్నాను.